మారని జన్యువూ, లావెక్కని మామయ్యా

ల్యాబ్, రెండో అంతస్తు,
ఫ్రిజ్ పక్క బల్ల

మామయ్యకి,

నీ మేనకోడలు గుండుసూది నమస్కారాలు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటని కోపం తెచ్చుకోకు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, అత్తయ్య వచ్చి స్పీకరు పెడుతుంది, నా సంగతులన్నీ మీ వీధి చివర ఇస్త్రీ షాపు దాకా వెళ్ళిపోతాయి. పోయినసారి నాకు జ్వరమొచ్చిందని ఇస్త్రీ ఆయన నన్ను పరామర్శించాడు. అందుకని ఇకమీదట ఉత్తరాలే.

శుభవార్త మామయ్యా. నా పని గట్టెక్కేలా ఉంది. మన ఇంట్లో అందరూ "గొర్రెలతో ఏం చదువే తల్లీ" అని అడిగేవాళ్ళే కానీ, చెబితే వినేవాళ్ళు లేరు. నువ్వొక్కడివైనా విను.

ఎండాకాలంలో గొర్రెలు వేడికి అల్లాడిపోతాయి. అప్పుడు వాటి ఒంట్లో ఒక జన్యువు గట్టిగా పనిచేస్తుంది. దాన్ని వేడి జన్యువు అనుకో. మా సారు ఒక ఆకుపొడి తయారు చేశారు. దాణాలో కలిపి పెడితే గొర్రె వేడిని తట్టుకుంటుందని ఆయన నమ్మకం. కాబట్టి పొడి తిన్న గుంపునీ తినని గుంపునీ వేడి గదిలో ఉంచి, నెత్తురు తీసి, రెండిట్లోనూ వేడి జన్యువు ఎంత పనిచేస్తోందో కొలవాలి. పొడి పనిచేస్తే తిన్న గుంపులో తక్కువగా ఉండాలి.

కొలవడంలోనే ఉంది తిరకాసంతా. ఒక గొర్రె బుద్ధిగా నెత్తురిస్తుంది, ఇంకొకటి తన్ని పారిపోతుంది. ఒక సీసాలో సరుకు ఎక్కువ, ఇంకో దాంట్లో తక్కువ. అందుకని ప్రతి సీసాలోనూ ఒక జన్యువుని కొలబద్దగా పెట్టుకుంటాం. రిఫరెన్స్ జీన్ అంటారు. వేడైనా చలైనా, తిన్నా పస్తున్నా అది ఒకేలా పనిచెయ్యాలి. దానితో పోల్చి మిగతావి ఎక్కువో తక్కువో చెబుతాం. కొలబద్దే సాగిపోతే ఇంక కొలతేముంది చెప్పు!

ఏది కదలదో తేల్చడానికి ఐదు జన్యువుల్ని నిలబెట్టాను. దానికో ప్రోగ్రాం ఉంది. మిగతావాటితో పొత్తు కుదరనిదాన్ని ఒక్కోటిగా బయటికి పంపేస్తుంది. చివరికి రెండు మిగిలాయి. ఒకదాని మాట ఇంకొకటి జవదాటదు, అంత పొందిక! అందులో ఒకటి మా సారు ఇరవయ్యేళ్ళుగా వాడుతున్నదే. దాన్ని ఆయన కొత్త అల్లుడిలా చూసుకుంటారు. ఎవరైనా ఒక మాటంటే ఆ పూట టీ తాగరు.

ఆ రెండిటితో పోల్చి చూస్తే, పొడి తిన్న గుంపులో వేడి జన్యువు సగానికి సగం పడిపోయింది! సారు నన్ను చూసి నవ్వారు మామయ్యా. చేరిన ఇన్నేళ్ళలో ఆయన పళ్ళు చూడటం ఇదే మొదలు.

నీ మోకాలి సంగతి రాయి. బరువు తగ్గితేనే ఆపరేషన్ అన్నాడటగా డాక్టరు. తగ్గుతున్నావా?

నీ మేనకోడలు

*

ఇల్లు, ముందు గది
(అత్తయ్య కూరలకి వెళ్ళిన సమయం)

చిరంజీవి గుండుసూదికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి గర్వంతో, రెండోసారి అర్థం కావడం కోసం. శభాష్! మన వంశంలో గొర్రె నెత్తురు చూసి దాని మనసులో మాట చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

తగ్గుతున్నావా అని అడుగుతావా? ముప్పయ్యేళ్ళు పిల్లల చేత గుంజీళ్ళు తీయించిన డ్రిల్లు మాస్టార్ని పట్టుకుని? రోజూ పొద్దున్నే నడకకి వెళ్తున్నాను. పక్కింటి పోస్ట్‌మాస్టరు గారు తోడు. ఆయనా రిటైరే, ఆయనదీ మోకాలే, డాక్టరూ ఒక్కడే. ఇద్దరం బేకరీ దాకా నడిచి వస్తాం. బేకరీ అంటే అపార్థం చేసుకోకు. అది తిరిగి రావడానికి ఒక గుర్తు, అంతే. అక్కడ కాసేపు కూర్చుంటాం. ఊరికే కూర్చుంటే షాపువాడు ఏమనుకుంటాడోనని చెరో క్రీమ్ బన్నూ తింటాం. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి. అత్తయ్యకి తెలిసిందో, నాకు మోకాలితో పాటు ఇంకా చాలా ఆపరేషన్లు అవుతాయి.

బరువు పెరిగామో లేదో చూసుకోవడానికి మాకో పద్ధతి ఉంది. ఇంటికొచ్చే ముందు గోడవారన పక్కపక్కన నిలబడి పొట్టలు చూసుకుంటాం. నడక మొదలెట్టిన రోజున ఆయన పొట్ట నాకంటే బెత్తెడు ముందుంది. ఇవాళ్టికీ అదే బెత్తెడు. అంటే ఆయనా పెరగలేదు, నేనూ పెరగలేదు. ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇంట్లో బరువు మిషను ఒకటి ఉంది కానీ దానికి మతి పోయింది. ఎక్కినప్పుడల్లా పోయినసారి కంటే ఎక్కువ చూపిస్తోంది. తీసుకెళ్ళి అటక మీద పెట్టాను. ఇద్దరు పెద్దమనుషులు ఒకే మాట మీద ఉంటే ఆ ఇనప ముక్క మాట ఎవడు వింటాడు?

నీ రెండు జన్యువులూ ఒక మాట మీద ఉన్నాయంటే ఇంకేం కావాలే పిచ్చిదానా. ధైర్యంగా రాసెయ్.

మామయ్య

*

గొర్రెల షెడ్డు,
దాణా బస్తా మీద కూర్చుని

మామయ్యా,

నీ బెత్తెడు లెక్క చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. బల్ల అవతల ఉన్న జూనియరు పిల్ల నాకేదో అయిందని మంచినీళ్ళు తెచ్చింది. అత్తయ్యకి చెప్పనులే, ఒట్టు.

ఇక్కడ హడావుడి మామూలుగా లేదు. గొర్రెల పెంపకందార్ల సంఘం అధ్యక్షుడు వచ్చాడు. పెద్ద మీసాలాయన, మాటకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దగ్గుతాడు. ఎండలు ముదిరేలోగా గొర్రెలకి నీడ షెడ్లు వెయ్యాలని సంఘం వాళ్ళు పోయినేడే అనుకున్నారట. మా ఫలితం విన్నాక, "పొడే ఉండగా ఈ ఏడు షెడ్లెందుకు సార్, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. సారు ఉబ్బిపోయారు. ఎండలు మొదలయ్యే ముందు ఇక్కడే పెద్ద సెమినార్. సంఘం వాళ్ళందరూ వస్తారు. ఫలితం నేనే చెప్పాలట. అది అవగానే థీసిస్ ఇచ్చెయ్యడం. నా ఫెలోషిప్పూ సరిగ్గా అప్పటితో సరి. అంతా కొలిచి కుట్టినట్టు కుదిరింది కదా!

ఇవాళ తూకం రోజు. పొడి తినే గుంపులో ఒక పొట్టేలుంది, దాన్ని మేం జమీందారు అంటాం. తూకం బోనులోకి వెళ్ళింది, ఇంక బయటికి రాదే! ఇరుక్కుపోయింది. ముందు నుంచి నేను లాగుతుంటే వెనక నుంచి జూనియరు తోసింది. అది మాత్రం నిమ్మళంగా నెమరేస్తూ నిలబడింది. ఆ పొడి మహా రుచిగా ఉన్నట్టుంది. తొట్టి నాకి నాకి తింటున్నాయి. తినని గుంపేమో సన్నగా, పెళ్ళిలో మర్యాద జరగని చుట్టాల్లా మొహాలు పెట్టుకుని చూస్తోంది.

ఒళ్ళంతా దాణా వాసన. నాకు తెలీడం లేదు కానీ బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది.

గుండుసూది

*

ఇల్లు, మేడ మెట్ల మీద
(కింద పరిస్థితి బాగా లేదు)

గుండుసూదికి,

పరువు పోయిందే.

నిన్న అత్తయ్యా, పోస్ట్‌మాస్టరు గారి భార్యా కూడబలుక్కుని మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళారు అనేది మర్యాదకి రాస్తున్నాను. అక్కడ పెద్ద మిషను. నర్సు నన్ను ఎక్కమంది. ఎక్కాను. ఆ పిల్లకి గొంతు తగ్గించి చెప్పడం ఎవరూ నేర్పలేదు. వెయిటింగ్ రూమంతా వినేలా చదివింది. పోయినసారి కంటే ఎంత పెరిగానో నీకు రాయను, ఉత్తరం బరువెక్కుతుంది.

"మిషను తప్పు" అన్నాను. పోస్ట్‌మాస్టరు గారు నా తరఫున లేచి, "అవునండీ, ఈయన పెరగలేదు, దానికి నేను సాక్షి" అన్నారు. అయితే మీరెక్కండి అంది నర్సు. ఆయనా ఎక్కారు. ఆయనా అంతే పెరిగారు! ఇంచుమించు నేనెంతో ఆయనా అంతే.

డాక్టరు అడిగాడు, "పెరగలేదని మీరిద్దరూ ఎలా అనుకున్నారండీ" అని. మేం పద్ధతి చెప్పాం, బెత్తెడు సంగతి. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "రోజూ ఒకే చోట ఒకే తిండి తిని, ఒకరి పొట్టతో ఒకరి పొట్ట కొలుచుకుంటే ఎప్పటికీ బెత్తెడే ఉంటుంది మాస్టారూ. ఇద్దరూ కలిసి పెరుగుతున్నారు" అన్నాడు. "ఏం తింటున్నారు?" అని కూడా అడిగాడు. అప్పుడు అత్తయ్య నా వైపు తిరిగింది. నేను గోడ మీది ఎముకల బొమ్మ చూశాను.

ఆపరేషన్ వాయిదా. ఇంటికొచ్చే దారంతా అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. అరిస్తే భరిస్తాను కానీ ఆవిడ మాట్లాడకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కణ్ణించి వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. మామూలు కంటే గట్టిగానే ఉంది.

మామయ్య

*

ల్యాబ్,
అదే బల్ల

మామయ్యా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. మొదట నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. దిగాల్సిన చోట దిగలేదు, రెండు స్టాపులు దాటిపోయాను.

"ఇద్దరూ కలిసి పెరుగుతున్నారు" అన్నాడు చూడు మీ డాక్టరు. నా రెండు జన్యువులూ అంతే మామయ్యా. ఆ రెండిటికీ పని ఒకటే. ఒంట్లో ప్రోటీన్లు తయారుచేసే యంత్రానికి భాగాలవి. నేను నిలబెట్టిన ఐదిట్లో మూడు ఆ ఇంటివే. కడుపు నిండా తిన్న గొర్రెలో ఆ యంత్రం జోరుగా తిరుగుతుంది, మూడూ కలిసి పైకెక్కుతాయి. కలిసి ఎక్కుతున్నాయి కాబట్టి ప్రోగ్రాం వాటిని చూసి "ఆహా, ఎంత నిలకడ" అంది. నిజంగా కదలకుండా నిలబడ్డవి మిగతా రెండూ. ఊగిపోతున్నాయని వాటినే ముందు గెంటేశాను.

పరుగెత్తుకుంటూ వెళ్ళి, సరుకు సమానంగా తూచి పెట్టిన కొన్ని సీసాలు తీసి, దేంతోనూ పోల్చకుండా పచ్చి లెక్కలు చూశాను. అనుకున్నంతా అయింది. పొడి గుంపులో కొలబద్దలే పెరిగాయి. వేడి జన్యువు రెండు గుంపుల్లోనూ ఒక్కలాగే ఉంది. పెరిగిన కొలబద్ద పక్కన పెట్టేసరికి అది తగ్గినట్టు కనిపించింది, అంతే. ఆ పొడి వేడిని ఏమీ తగ్గించడం లేదు. గొర్రెలు చల్లబడలేదు మామయ్యా, లావెక్కాయి!

సెమినార్ వచ్చే వారమే. ఇప్పుడు చెబితే ప్రయోగం అంతా మళ్ళీ చెయ్యాలి. ఏడాది. ఫెలోషిప్ ఉండదు. సారు నన్ను క్షమించరు. ఇరవయ్యేళ్ళ ఆయన జన్యువది. పోనీ ఇప్పటికి ఇలా కానిచ్చి, థీసిస్ ఇచ్చాక నెమ్మదిగా ఇంకో పేపరులో సరిదిద్దితేనో? చాలామంది అలా చేస్తారు. అసలు ఎవరు చూడొచ్చారు? షెడ్ల సంగతి సంఘం వాళ్ళ ఇష్టం కదా, నేను వద్దనలేదు కదా.

ఏం చెయ్యమంటావు? తొందరగా రాయి. తిండి సహించడం లేదు. ఇంట్లో ఒకరికైనా అలా ఉండాలిలే.

గుండుసూది

*

ఇల్లు, ముందు గది

నా బంగారు గుండుసూదికి,

ఏడవకు. నువ్వనుకున్నదే కరెక్టు. ఇప్పటికి కానిచ్చెయ్. థీసిస్ ఇచ్చాక సరిదిద్దుకోవచ్చు. ఇంత కష్టపడ్డావు, ఇంకో ఏడాది ఆ వాసనలో ఉంటావా? సంఘం వాళ్ళేమీ చిన్నపిల్లలు కాదు. నీ తప్పేం లేదు. నిశ్చింతగా ఉండు.

*

మర్నాడు.

పైన రాసింది కవర్లో పెట్టి అంటించాను కూడా. మళ్ళీ కవరు చించి తీశాను. ఎందుకో చెప్తాను.

పొద్దున పోస్ట్‌మాస్టరు గారు గోడ అవతల నుంచి పిలిచి, "మాస్టారూ, ఆ డాక్టరు కుర్రకుంక, వాడికేం తెలుసు, మనం పెరగలేదు" అన్నారు. నా నాలుక చివరిదాకా "అవునండీ" అని వచ్చింది. అప్పుడు తట్టింది. నేను నీకు రాసింది కూడా ఈ అవునండీయే. నీ ఉత్తరంలో నీకు ఏ జవాబు కావాలో అది అక్కడే ఉంది. నేను దాన్నే తిప్పి రాశాను. చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు బడి ఎగ్గొడతానంటే తలనొప్పి చీటీ నేను రాసిచ్చేవాణ్ణి.

నువ్వంటే నాకు ప్రాణమే. అందుకే ఈ విషయంలో నా మాట వినకు. నువ్వు బాధపడకుండా ఉంటే చాలు నాకు, మిగతాది కనపడదు.

అత్తయ్యని అడిగాను. అడగాలంటే మొత్తం చెప్పాలి కదా, బన్నుతో సహా చెప్పాను. గరిట పట్టుకునే విన్నది. "నేనే రాస్తాను, కాగితం అక్కడ పెట్టు" అంది. ఆవిడ కాగితం నేను చదవలేదు. చదవనివ్వలేదు.

మామయ్య

*

వంటిల్లు

అమ్మడూ,

మీ మామయ్య బన్ను సంగతి మొదటి రోజే నాకు తెలుసు. మీసాలకి క్రీమ్ పెట్టుకుని ఇంటికొచ్చి, గేటు దగ్గర నిలబడి ఆయాసం నటించేవాడు. ఆయనంతట ఆయనే మానేస్తాడేమో చూద్దామని ఊరుకున్నాను. చూశాను కదా.

నీ సంగతి. జన్యువులూ కొలబద్దలూ నాకు ఎక్కలేదు. ఒక్కటి ఎక్కింది. ఆ పొడిని నమ్ముకుని వాళ్ళు షెడ్లు మానేశారు. రేపు ఎండలు ముదిరాక ఆ సంఘం ఆయన ఇంట్లో కూర్చుంటాడు. మీ సారు ఫ్యాను కింద కూర్చుంటాడు. నువ్వు పట్టా పుచ్చుకుని వస్తావు. ఎండలో నిలబడేది గొర్రె. "నేను వద్దనలేదు కదా" అని రాశావట. ఆ ముక్క నాకు నచ్చలేదు. నీకూ నచ్చి ఉండదు, అందుకే తిండి సహించడం లేదు.

ఏడాది పోతే పోయింది. పోయి మీ సారుకి చెప్పు. తిడతాడు. తిట్టించుకో. ఏడుపొస్తే ఇక్కడికి రా. ఏడు, తిను, పడుకో, మళ్ళీ వెళ్ళు.

తలకి నూనె పెట్టుకుంటున్నావా?

అత్తయ్య

*

గొర్రెల షెడ్డు

అత్తయ్యకీ మామయ్యకీ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. స్పీకరు పెట్టుకుని చదువుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

చెప్పాను. సెమినార్‌కి ముందురోజు సారు గదికి వెళ్ళి, పచ్చి లెక్కల గ్రాఫు బల్ల మీద పెట్టాను. సారు చూశారు. కళ్ళజోడు తీసి చూశారు. కాగితాన్ని తలకిందులు చేసి కూడా చూశారు. ఎలా చూసినా అంతే ఉంది. "ఇరవయ్యేళ్ళలో ఈ జన్యువు నన్ను ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు" అన్నారు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, "ఇరవయ్యేళ్ళలో మీరు ఏ గొర్రెకీ ఇంత తిండి పెట్టలేదు సార్" అన్నాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "రేపు నేను నోరు విప్పను. నువ్వు తెచ్చావు, నువ్వే చెప్పుకో" అన్నారు. టీ వస్తే వెనక్కి పంపేశారు.

హాలు నిండిపోయింది. పొడి వేడిని తగ్గించడం లేదు, మా కొలబద్దే తప్పు అని చెప్పాను. మీసాలాయన లేచాడు. దగ్గాడు. "అయితే ఇన్నాళ్ళూ మీరు చేసిందేంటమ్మా?" అన్నాడు.

"గొర్రెల్ని లావు చేశామండీ" అన్నాను. నిజమే కదా, ఇంకేం చెప్పను? హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "అంటే షెడ్లు వెయ్యాలంటావా?" అన్నాడు. "వెయ్యాలండీ, తొందరగా" అన్నాను. నేను చిన్నదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు? ఆయన సారు వైపు చూశాడు. అందరూ సారు వైపే చూశారు.

సారు లేచారు. "అమ్మాయి చెప్పింది నిజం. నేను మీకు చెప్పింది తప్పు. షెడ్లు వెయ్యండి" అన్నారు. కూర్చుని, మళ్ళీ ఎవరి మొహమూ చూడలేదు. అలా చూస్తే నాకు ఏడుపొచ్చింది అత్తయ్యా, ఆయన కోసం.

సాయంత్రం మెట్ల దగ్గర ఆపి, "ఆ రెండూ కలిసి పెరుగుతున్నాయని నీకెలా తట్టింది?" అని అడిగారు. "మా మామయ్య లావెక్కాడు సార్" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "థీసిస్‌లో ఆ ముక్క రాయకు" అని వెళ్ళిపోయారు.

తర్వాత రెండు వారాలు మాటల్లేవు. ఎదురైతే తల పక్కకి తిప్పుకునేవారు. ఫెలోషిప్ అయిపోయింది. సాయంత్రాలు పిల్లలకి సైన్సు ట్యూషన్ చెబుతున్నాను, భయపడకండి. షెడ్లు వేస్తున్నారు. పోయినవారం బస్సులోంచి చూశాను, కర్రలు పాతి పైన కప్పు కడుతున్నారు. కింద అప్పుడే గొర్రెలు చేరిపోయాయి, పని చేసేవాళ్ళకి చోటివ్వకుండా.

నిన్న పొద్దున మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలని ఒక్కదాన్నే షెడ్డుకి వచ్చాను. ఈసారి రెండు గుంపులకీ దాణా తూచి ఒకే కొలత, పొడి మాత్రం ఒకదానికే. కొలబద్దలకి వేరు వేరు ఇళ్ళ జన్యువులు. తలుపు తీసేసరికి సారు లోపలున్నారు. చొక్కా చేతులు మడిచి, మొదటి గొర్రెని మెడ దగ్గర పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డారు. ఆయన గొర్రెని ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎలా పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలీదు ఆయనకి.

"చూస్తావేంటి, సిరంజి తియ్యి" అన్నారు. గొర్రె ఆయన కాలు తొక్కింది. నేను నవ్వు బిగబట్టి నెత్తురు తీశాను. అప్పుడు ఆయనే నవ్వారు.

మీ గుండుసూది